తీగరహిత చోరహెచ్చరిక వ్యవస్థ: కీప్యాడ్ ప్రోగ్రామింగ్, అమరికలు, తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం:

ఇంటికి తాళంతో పాటు తీగరహిత చోరహెచ్చరిక వ్యవస్థను అమర్చుకొనే ఆచారం క్రమంగా పెరుగుతున్నది. ఈ వ్యవస్థ పనితీరు సెన్సార్ల నాణ్యత మీద కన్నా కీప్యాడ్ ద్వారా ప్యానెల్‌కు ఇచ్చిన ఆదేశాల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆ ఆదేశాల భాష ఆంగ్లం. గృహస్థు వాడుక భాష తెలుగు. ఈ రెండింటి మధ్య ఏర్పడే అంతరం వల్ల అమరికలు సంస్థాపకుని చేతిలోనే ఉండిపోవడం, తెరమీది మాటలను తప్పుగా అర్థం చేసుకోవడం జరుగుతుంది. విస్తా-20పి అనే ప్యానెల్‌ను ఉదాహరణగా తీసుకొని ప్రోగ్రామింగ్ క్రమాన్ని వివరించడం, జోన్ల స్వభావాన్ని తెలుగు క్రియారూపాల సాయంతో విశదీకరించడం, ముఖ్యమైన పారిభాషిక పదాలకు తగిన తెలుగు రూపాలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చోరహెచ్చరిక, కీప్యాడ్, జోన్, సెన్సార్, సంకేతసంఖ్య, కాపలా, పరిభాష, కరదీపిక.

1. ఉపోద్ఘాతం

దొంగ తలుపు తెరవగానే గంట మోగాలన్న ఆలోచన పాతదే. దానికి విద్యుదయస్కాంతాన్ని జోడించిన అమెరికా దేశస్థుడు అగస్టస్ రస్సెల్ పోప్. మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఆయనకు 1853లో ఈ పరికరంపై పేటెంటు లభించింది. ఆ హక్కులను ఎడ్విన్ హోమ్స్ 1857లో కొని వ్యాపారంగా విస్తరింపజేశాడు. తలుపుకూ కిటికీకీ అమర్చిన స్పర్శబిందువులు, వాటిని కలిపే తీగ, చివర ఒక గంట. ఆనాటి వ్యవస్థ స్వరూపం ఇంతే. నేటి వ్యవస్థలో తీగ స్థానాన్ని రేడియో తరంగం ఆక్రమించింది. గంటకూ తలుపుకూ మధ్య నిర్ణయాలు తీసుకొనే ఒక చిన్న కంప్యూటర్ చేరింది. ఆ కంప్యూటర్‌తో మనిషి మాట్లాడే ద్వారమే కీప్యాడ్.

తెలుగునాట ఈ విషయానికి సామాజిక ప్రాధాన్యం లేకపోలేదు. ఊరికి వెళ్లే గృహస్థు కోరిన మీదట ఇంట్లో చలనాన్ని గుర్తించే కెమెరాను అమర్చి, కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు హెచ్చరిక అందేలా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ ‘ఎల్‌హెచ్‌ఎంఎస్’ పేరిట తాళం వేసిన ఇళ్ల పర్యవేక్షణ పథకాన్ని నిర్వహించింది. పిల్లలు దూరదేశాల్లో ఉండి, వృద్ధులు మాత్రమే మిగిలిన ఇళ్లలో సొంత ఖర్చుతో అలారం అమర్చుకొనే వారూ ఉన్నారు. అలాంటి ఇంట్లో పరికరాన్ని కొనేవారు ఒకరు, అమర్చేవారు మరొకరు, రోజూ వాడేవారు ఇంకొకరు. ఈ ముగ్గురి మధ్య సమాచారం సరిగా అందకపోతే పరికరం ఉండీ లేనట్టే అవుతుంది. అందువల్ల ప్రోగ్రామింగ్‌ను కేవలం సాంకేతిక విషయంగా కాక, భాషావ్యవహారంగా కూడా పరిశీలించవలసి ఉంది.

2. వ్యవస్థ అంగాలు

తీగరహిత వ్యవస్థలో ప్రధానాంగాలు నాలుగు.

అ. సెన్సార్లు: తలుపు చట్రానికి, రెక్కకు అమర్చే అయస్కాంత స్పర్శసాధనం, శరీరపు వేడిని బట్టి కదలికను పసిగట్టే పరారుణ సాధనం, గాజు పగిలిన ధ్వనిని గుర్తించే సాధనం, పొగను గుర్తించే సాధనం. ఇవి బ్యాటరీతో పనిచేస్తూ రేడియో సంకేతాన్ని పంపుతాయి.

ఆ. ప్యానెల్: సంకేతాలను స్వీకరించి, తనకు ముందే ఇచ్చిన నియమాల ప్రకారం నిర్ణయం తీసుకొనేది. విద్యుత్తు పోయినప్పుడు పనిచేయడానికి ఇందులో బ్యాటరీ ఉంటుంది. ఐరోపా ప్రమాణమైన ఇఎన్ 50131 ప్రకారం మొదటి రెండు శ్రేణుల వ్యవస్థలకు కనీసం 12 గంటల బ్యాటరీ ఆధారం ఉండాలి. విద్యుత్ కోతలు ఉండే ప్రాంతాల్లో ఈ అంశాన్ని ప్రత్యేకంగా సరిచూసుకోవాలి.

ఇ. కీప్యాడ్: అంకెల మీటలు, స్టార్, హ్యాష్ గుర్తుల మీటలు, చిన్న తెర కలిగినది. రోజువారీ వినియోగానికీ ప్రోగ్రామింగ్‌కూ సాధారణంగా ఇదే సాధనం.

ఈ. సైరన్, సమాచార ప్రసారిణి: మొదటిది ఇరుగుపొరుగును అప్రమత్తం చేస్తుంది. రెండవది ఫోను ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో పర్యవేక్షణ కేంద్రానికి లేదా యజమానికి సమాచారం పంపుతుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణగా గ్రహించిన విస్తా-20పి ప్యానెల్ ఉత్తర అమెరికా గృహాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్నది. తీగ జోన్లనూ తీగరహిత జోన్లనూ రెండింటినీ స్వీకరించగల మిశ్రమ ప్యానెల్ ఇది. దీనికి 8 తీగ జోన్లు ఉంటాయి. విస్తరణతో మొత్తం 48 జోన్లు అమర్చవచ్చు. దీని తీగరహిత సెన్సార్లు 345 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. ఐరోపాలో ఇలాంటి పరికరాలకు 868 మెగాహెర్ట్జ్ పరిసరంలోని పట్టీ వాడుకలో ఉంది. భారతదేశంలో 865 మెగాహెర్ట్జ్ వద్ద మొదలయ్యే పట్టీలో స్వల్పశక్తి పరికరాలకు లైసెన్సు మినహాయింపు ఉంది. కనుక విదేశం నుంచి పరికరాన్ని తెచ్చుకొనేవారు ధర, రూపం చూడడంతో ఆగకుండా పౌనఃపున్యాన్ని, విద్యుత్ వోల్టేజిని కూడా సరిచూసుకోవడం అవసరం.

3. సంకేతసంఖ్యలు – అధికార విభజన

ప్రోగ్రామింగ్‌లో మొదట గ్రహించవలసింది మీటల క్రమం కాదు, అధికార క్రమం. విస్తా-20పి ప్యానెల్‌లో ప్రతి వినియోగదారుకూ ఒక సంఖ్య ఉంటుంది. 01 సంస్థాపకునిది, 02 గృహస్థుది, 03 నుంచి తక్కినవారివి. సంస్థాపకుని సంకేతసంఖ్య ప్రోగ్రామింగ్‌లోకి ప్రవేశం కల్పిస్తుంది. గృహస్థుని సంకేతసంఖ్య ఇతరులను చేర్చడానికి, తొలగించడానికి అధికారం ఇస్తుంది. ఇతరుల సంకేతసంఖ్యలు తమకు కేటాయించిన పనికి మాత్రమే చెల్లుతాయి.

కొత్త వినియోగదారును చేర్చే విధానం ఇది. గృహస్థు తన నాలుగంకెల సంకేతసంఖ్యను నమోదు చేసి, 8 నొక్కి, చేర్చదలచిన వ్యక్తి రెండంకెల వినియోగదారు సంఖ్యను నొక్కి, ఆ వ్యక్తికి ఇవ్వదలచిన నాలుగంకెల సంకేతసంఖ్యను నొక్కాలి. ఆ తర్వాత అధికార స్థాయిని నిర్ణయించవచ్చు. 0 సాధారణ వినియోగదారు. 1 కాపలా పెట్టగలిగి, తీయలేని వ్యక్తి. 2 అతిథి, తాను పెట్టిన కాపలాను మాత్రమే తీయగలడు. 3 బలవంతపు సంకేతం. పగటిపూట వచ్చి పని ముగించుకొని వెళ్లే సహాయకులకు అతిథి స్థాయి సరిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకే సంకేతసంఖ్యను వాడితే ఈ విభజన వల్ల కలిగే ప్రయోజనం ఏదీ దక్కదు. ఎవరు ఎప్పుడు తీశారో తెలియదు. ఒకరిని తొలగించాలంటే అందరి సంఖ్యా మార్చవలసి వస్తుంది.

బలవంతపు సంకేతం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దుండగుడు పక్కన నిలబడి కాపలా తీయమన్నప్పుడు గృహస్థు ఈ సంఖ్యను నొక్కితే, పైకి కాపలా మామూలుగానే తొలగుతుంది. లోపల నిశ్శబ్దంగా ఆపద సమాచారం వెళుతుంది. అయితే ఆ సమాచారాన్ని అందుకొనే పర్యవేక్షణ కేంద్రం ఉన్నప్పుడే దీనికి అర్థం. కేంద్రంతో అనుసంధానం లేని ఇంట్లో ఇది కేవలం తలుపు తెరిచే మరో సంఖ్య మాత్రమే అవుతుంది. ఇంట్లో వృద్ధులకు ఈ సంఖ్యను నేర్పేటప్పుడు సహాయం ఎక్కడి నుంచి, ఎవరి ద్వారా వస్తుందో కూడా చెప్పకపోతే వారికి లేని భరోసా ఇచ్చినట్లవుతుంది.

సంకేతసంఖ్య బలాన్ని లెక్కలో చూడవచ్చు. నాలుగంకెల సంఖ్యలు 10,000 ఏర్పడతాయి. కాని ఒకే సంఖ్యను ఏళ్ల తరబడి వాడితే ఆ నాలుగు మీటలు మాత్రమే అరుగుతాయి. అరిగిన నాలుగు మీటలను గుర్తించినవానికి మిగిలే అవకాశాలు 24 మాత్రమే. అంటే పదివేల తలుపులున్న కోట రెండు డజన్ల తలుపులకు కుదించుకుపోతుంది. అప్పుడప్పుడు సంకేతసంఖ్యను మార్చాలన్న సూచనకు ఆధారం ఇదే.

అంతకన్నా ముఖ్యమైనది కర్మాగారపు సంకేతసంఖ్యలను మార్చడం. ఇవి తయారీదారు కరదీపికలో అచ్చయి ఉంటాయి; ఎవరికైనా దొరుకుతాయి. గృహస్థు తన సంఖ్యను మార్చుకొని, సంస్థాపకుని సంఖ్యను అలాగే వదిలివేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. విస్తా-20పిలో సంస్థాపకుని సంకేతసంఖ్యతో కాపలా పెట్టి ఉంటే తప్ప, అదే సంఖ్యతో కాపలా తీయడం సాధ్యం కాదు. కాని కాపలా లేని సమయంలో ఇంట్లోకి వచ్చినవారెవరైనా ఆ సంఖ్యతో ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లి నియమాలన్నీ మార్చగలరు. కాబట్టి పరికరాన్ని అప్పగించుకొనే రోజున గృహస్థు అడగవలసిన మొదటి ప్రశ్న ‘సంస్థాపకుని సంఖ్య మార్చారా?’ అన్నదే.

4. ప్రోగ్రామింగ్ ప్రవేశం, కీప్యాడ్ చిరునామా

విస్తా-20పిలో సంస్థాపకుని సంకేతసంఖ్యను నమోదు చేసి 800 నొక్కితే ప్రోగ్రామింగ్ ప్రారంభమవుతుంది. సంఖ్య తెలియనప్పుడు మరొక మార్గం ఉంది. ప్యానెల్‌కు విద్యుత్తు ఆపి మళ్లీ ఇచ్చిన 50 సెకన్లలోపు స్టార్, హ్యాష్ మీటలను కలిపి నొక్కాలి. ప్రతి అమరికకూ ఒక గది సంఖ్య ఉంటుంది. స్టార్ నొక్కి ఆ సంఖ్యను నొక్కితే ఆ గది తెరుచుకొంటుంది. ఉదాహరణకు *20 సంస్థాపకుని సంకేతసంఖ్య, *34 నిష్క్రమణ వ్యవధి, *35 ప్రవేశ వ్యవధి, *56 జోన్ల నమోదు. పని పూర్తయ్యాక *99 నొక్కి బయటికి రావాలి. *98 నొక్కి బయటికి వస్తే సంస్థాపకుని సంకేతసంఖ్యతో తిరిగి ప్రవేశించడం కుదరదు; విద్యుత్తు ఆపి మొదలుపెట్టే మార్గమే శరణ్యం. ఒక్క అంకె తేడాతో వచ్చే ఈ భేదాన్ని కరదీపిక రచయితలు స్పష్టంగా విడదీసి చెప్పాలి.

ఒక ఇంట్లో ఒకటికి మించి కీప్యాడ్లు ఉన్నప్పుడు ప్రతిదానికీ చిరునామా ఉండాలి. మొదటి కీప్యాడ్ చిరునామా 16. రెండవదాని నుంచి ఎనిమిదవదాని వరకు 17 మొదలు 23 వరకు చిరునామాలు చెల్లుతాయి. ఇక్కడ పని రెండు చోట్ల జరగాలి. కీప్యాడ్‌లో చిరునామా రాయాలి; ప్యానెల్‌లో *190 నుంచి *196 వరకు ఉన్న గదుల్లో ఆ చిరునామాకు అనుమతి ఇవ్వాలి. కీప్యాడ్‌కు విద్యుత్తు అందిన 60 సెకన్లలోపు 1, 3 మీటలను కలిపి నొక్కి చిరునామాను మార్చవచ్చు. కొత్త కీప్యాడ్ తెర వెలిగినా మీటలకు స్పందించనప్పుడు అది పాడైందని భావించే ముందు ఈ రెండు పనులూ జరిగాయో లేదో చూడాలి. తపాలా శాఖ దృష్టాంతంతో చెప్పాలంటే, ఇంటి గోడ మీద నంబరు రాసుకొన్నంత మాత్రాన ఉత్తరం రాదు; తపాలా కార్యాలయం రిజిస్టరులోనూ ఆ నంబరు ఉండాలి.

తీగరహిత కీప్యాడ్ విషయంలో గృహ గుర్తింపు సంఖ్య తోడవుతుంది. *24లో 01 నుంచి 31 వరకు ఒక సంఖ్యను నిర్ణయించి, కీప్యాడ్‌లోనూ అదే సంఖ్యను నమోదు చేయాలి. రేడియో తరంగానికి గోడలు హద్దులు కావు గనుక, పక్కింటి పరికరంతో గందరగోళం కలగకుండా చేసే ఏర్పాటు ఇది.

5. తీగరహిత సెన్సార్ నమోదు

*56లో సెన్సార్ నమోదుకు ప్యానెల్ వరుసగా కొన్ని ప్రశ్నలు వేస్తుంది. జోన్ సంఖ్య ఎంత? ఏ రకం జోన్? ఏ విభాగానికి చెందుతుంది? పర్యవేక్షణ కేంద్రానికి పంపవలసిన నివేదిక ఏది? సంకేతం ఏ రూపంలో అందుతుంది? ఈ చివరి ప్రశ్నకు 3 అంటే నిరంతర పరిశీలనలో ఉండే రేడియో సెన్సార్, 4 అంటే పరిశీలన లేనిది, 5 అంటే చేతిలో పట్టుకొనే మీట. ఆ తర్వాత సెన్సార్ క్రమసంఖ్య, దానిలోని లూపు సంఖ్య నమోదు చేయాలి. క్రమసంఖ్య సెన్సార్ మీద ‘ఎ’ అక్షరం తర్వాత ఏడు అంకెలుగా ముద్రితమై ఉంటుంది. దానిని మీటలతో నమోదు చేయవచ్చు. లేదా తలుపును తెరిచి మూసి సెన్సార్ చేతనే పలికించవచ్చు.

లూపు సంఖ్య చిన్న విషయంగా కనిపించినా అనేక వైఫల్యాలకు అదే కారణం. ఈ శ్రేణిలోని సాధారణ తలుపు సెన్సారులో రెండు మార్గాలు ఉంటాయి. లోపల ఉన్న అయస్కాంత స్పర్శకు లూపు 2. బయటి తీగను బిగించే స్క్రూలకు లూపు 1. అయస్కాంతాన్ని వాడుతూ లూపు 1 అని నమోదు చేస్తే క్రమసంఖ్య సరిగానే ఉంటుంది, సంకేతమూ అందుతుంది. కాని తలుపు తెరిచినా ప్యానెల్‌కు తెలియదు. కనుకనే నమోదు చివర ప్యానెల్ ధ్రువీకరణ కోరుతుంది. ఆ దశను దాటవేయడం తగదు.

నిరంతర పరిశీలన అంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. సెన్సార్ సుమారు 70 నుంచి 90 నిమిషాలకొకసారి తన ఉనికిని తెలుపుతూ ఒక సంకేతం పంపుతుంది. నిర్ణీత కాలంలో, సాధారణంగా 12 గంటల్లో, ఒక్కసారైనా అది అందకపోతే తెర మీద ఆ జోన్ సంఖ్యతో ‘చెక్’ అనే మాట కనిపిస్తుంది. పాతకాలపు గస్తీవాడు వేళ తప్పకుండా పలికే కేకతో దీనిని పోల్చవచ్చు. కేక వినిపించినంతసేపు ఊరికి ధైర్యం. ఆగిందంటే దొంగ వచ్చాడని కాదు. గస్తీవాడికి ఏమైందో చూడాలని అర్థం.

6. జోన్ రకాలు – క్రియారూపాల దృష్టి

జోన్ రకాన్ని నిర్ణయించడమే ప్రోగ్రామింగ్‌లో కీలకమైన ఘట్టం. సెన్సార్ చెప్పేది ‘తెరుచుకొంది’, ‘కదిలింది’ అన్న వార్త మాత్రమే. ఆ వార్తకు ఏం చేయాలో జోన్ రకం చెబుతుంది. కరదీపికల్లో అంకెల పట్టికగా ఇచ్చే ఈ భేదాలు తెలుగు వ్యాకరణంలోని అసమాపక క్రియల ద్వారా సులభంగా బోధపడతాయి.

అ. పరిధి జోన్ (03): ఇది కేవల చేదర్థకం. కాపలా ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే మోగుతుంది. వ్యవధి లేదు, మరో షరతు లేదు.

ఆ. ప్రవేశ నిష్క్రమణ జోన్ (01): చేదర్థకానికి తోడు వ్యతిరేక షరతు. తలుపు తెరిస్తే లెక్క మొదలవుతుంది. వ్యవధిలోపు సంకేతసంఖ్య నొక్కకపోతే మోగుతుంది. సింహద్వారానికి తగినది ఇదే.

ఇ. అనుసర జోన్ (04): ఇక్కడ క్త్వార్థకం అవసరమవుతుంది. సింహద్వారం తెరిచి హాలులోకి వస్తే వ్యవధి పూర్తయ్యేవరకు ఆగుతుంది. ద్వారం తెరవకుండా హాలులో కదిలితే వెంటనే మోగుతుంది. ముందు జరిగిన క్రియను బట్టి తర్వాతి క్రియకు అర్థం మారడం దీని స్వభావం. ఇంట్లో ఉండి కాపలా పెట్టుకొన్నప్పుడు ఈ జోన్ తనంతట తాను తప్పుకొంటుంది. రాత్రి మంచినీళ్లకు లేచినవారి మీద సైరన్ మోగకుండా ఉండేది ఇందువల్లనే.

ఈ. ఇరవైనాలుగు గంటల జోన్లు (06, 07), అగ్నిజోన్ (09): ఇవి అప్యర్థకాలు. కాపలా తీసినా మోగుతాయి. ఇంట్లో అందరూ ఉన్నా మోగుతాయి. 06 మాత్రం నిశ్శబ్దంగా కేంద్రానికి సమాచారం పంపుతుంది.

ఉ. పగలు రాత్రి జోన్ (05): కాపలా లేనప్పుడు తెరిస్తే కీప్యాడ్ హెచ్చరిస్తుంది, కాపలా ఉన్నప్పుడు తెరిస్తే అలారం మోగుతుంది. ఒకే క్రియకు సందర్భాన్ని బట్టి రెండు ఫలితాలు.

ఈ విభజన దృష్టిలో ఉంటే తప్పుడు అమరికలను గుర్తించడం తేలిక. ఉదాహరణకు సింహద్వారాన్ని 03గా నమోదు చేస్తే యజమాని ఇంటికి వచ్చిన ప్రతిసారీ సైరన్ మోగుతుంది. హాలులోని కదలిక సెన్సార్‌ను 03గా పెడితే రాత్రి కాపలాలో ఇంటివారే దొంగలవుతారు. పొగ సెన్సార్‌ను 03గా పెడితే అంతకన్నా ప్రమాదం: కాపలా లేని సమయంలో నిప్పంటుకొన్నా అది మౌనంగా ఉంటుంది.

7. వ్యవధుల నిర్ణయం

*34, *35 గదుల్లో వ్యవధిని సెకన్లలో నమోదు చేయాలి. 96 సెకన్ల వరకు నేరుగా రాయవచ్చు. 97 అంటే 120 సెకన్లు. ప్రవేశ వ్యవధికి 98 అంటే 180 సెకన్లు, 99 అంటే 240 సెకన్లు. 97ను తొంభై ఏడు సెకన్లుగా భావించడం సహజమైన భ్రాంతి.

వ్యవధి ఎంత ఉండాలన్నది ఇంటివారి నడకను బట్టి నిర్ణయించవలసిన విషయం. అమెరికాలో తప్పుడు అలారాలను తగ్గించడానికి రూపొందించిన సిపి-01 ప్రమాణం నిష్క్రమణకు సాధారణంగా 60 సెకన్లు, ప్రవేశానికి కనీసం 30 సెకన్లు సూచిస్తుంది. ఐరోపా ప్రమాణం ప్రవేశ వ్యవధి 45 సెకన్లు మించరాదంటుంది. మొదటిది ఇంటివారి తొందరపాటు వల్ల కలిగే అనర్థాన్ని, రెండవది దొంగకు దొరికే అవకాశాన్ని దృష్టిలో పెట్టుకొన్నాయి. మోకాళ్ల నొప్పితో నడిచే వృద్ధురాలు గేటు తాళం, తలుపు తాళం తీసి, చెప్పులు విడిచి, కళ్లజోడు సవరించుకొని మీటలు నొక్కడానికి ఎంత సమయం పడుతుందో ఆమె నడిచి చూపితేనే తెలుస్తుంది. సంస్థాపకుని నడకతో లెక్కవేసిన వ్యవధి ఆమెకు చాలదు. రెండు మూడు సార్లు సైరన్ మోగి ఇరుగుపొరుగు గుమికూడితే ఆ ఇంట్లో అలారం వాడకమే ఆగిపోతుంది.

అమరికలన్నీ పూర్తయ్యాక సంకేతసంఖ్యతో 5 నొక్కి పరీక్షాస్థితిలో ప్రతి తలుపునూ తెరిచి చూడాలి. సెన్సార్ స్పందిస్తే కీప్యాడ్ మూడుసార్లు పలుకుతుంది. ఈ పరీక్షను సంస్థాపకుడు ఒంటరిగా కాక, ఇంటివారి చేత చేయించడం మేలు.

8. రేడియో మార్గపు పరిమితులు

తీగ లేకపోవడం సౌకర్యంతో పాటు ఒక బలహీనతను కూడా తెచ్చింది. 2014లో డెఫ్‌కాన్ సదస్సులో లోగన్ లాంబ్ అనే పరిశోధకుడు, గృహ అలారాల రేడియో సంకేతాలు గుప్తీకరణ లేకుండా ప్రసారమవుతున్నందున వాటిని బయటినుంచి వినడం, అడ్డుకోవడం, అనుకరించడం సాధ్యమని వివరించాడు. అందువల్ల కొత్తగా కొనేవారు గుప్తీకరణ ఉన్న సెన్సార్లను ఎంచుకోవడం మంచిది. ఉన్న వ్యవస్థలో రేడియో అవరోధాన్ని నివేదించే అమరికను (విస్తా-20పిలో *22) క్రియాశీలం చేయడం, ముఖ్యద్వారం వంటి చోట్ల వీలైతే తీగ జోన్‌ను వాడడం ఉపయుక్తం. ఇంటి ముందు పాతిన ప్రకటన ఫలకం మీద తయారీదారు పేరు, నమూనా వివరాలు ఉండడం కూడా ఆలోచించవలసిన విషయమే.

9. పరిభాషా సమస్య

9.1 తెరమీది మాటలు: ఈ వ్యవస్థల పరిభాషలో కొన్ని పదాలు నిఘంటువు అర్థానికి భిన్నంగా వాడుకలో ఉన్నాయి. ‘ఫాల్ట్’ అంటే పరికరం చెడిపోవడం కాదు. ఆ జోన్‌లో తలుపో కిటికీయో తెరచి ఉందని. దీనిని ‘లోపం’ అని అనువదిస్తే గృహస్థు మెకానిక్‌కు కబురు పెడతాడు. ‘తెరచి ఉంది’ అంటే లేచి తలుపు వేస్తాడు. ‘ట్రబుల్’, ‘చెక్’ అన్నవి మాత్రం నిజంగా పరికరాన్ని చూడమని చెప్పేవి. ‘జోన్’ అంటే ప్రాంతమని తోచినా వాస్తవంలో అది చాలాసార్లు ఒకే ఒక్క తలుపు. ‘బైపాస్’ అంటే అడ్డదారి కాదు. ఆ జోన్‌ను కాపలా నుంచి మినహాయించడం. ‘ట్యాంపర్’ అంటే పరికరం మూతను ఎవరో కదిలించారని.

9.2 ఆన్ ఆఫ్ వ్యవహారం: వాడుకలో ‘అలారం ఆన్ చేశాను’, ‘ఆఫ్ చేశాను’ అనడమే సహజంగా వినిపిస్తుంది. ఆంగ్లంలోని ‘ఆర్మ్’, ‘డిజార్మ్’ అన్న మాటలు ఆయుధధారణకు సంబంధించినవి. వాటిని ‘సాయుధీకరణ’, ‘నిరాయుధీకరణ’ అంటే హాస్యాస్పదమవుతుంది. అయితే ‘ఆఫ్’ అన్న మాట కూడా నిరపాయమైనది కాదు. అది విద్యుత్తును ఆపిన భావాన్ని కలిగిస్తుంది. ఆఫ్ చేసినా అగ్నిజోన్ మేలుకొనే ఉంటుందన్న సంగతి ఆ మాటలో మరుగున పడుతుంది. తెలుగులో ‘కావలి’, ‘కాపలా’, ‘గస్తీ’ అన్న మాటలు సజీవంగా ఉన్నాయి. ‘కాపలా పెట్టు’, ‘కాపలా తీయు’ అన్న క్రియలు యంత్రస్థితిని యథాతథంగా చెబుతాయి. కాపలా తీసినంత మాత్రాన కాపలాదారు ఇల్లు వదలి పోడు కదా. ‘అవే’, ‘స్టే’ అన్నవాటికి ‘బయటికాపలా’, ‘ఇంటికాపలా’ అనడం కన్నా ‘ఊరెళ్లే కాపలా’, ‘ఇంట్లో ఉండే కాపలా’ అని విడమరచి చెప్పడం సుబోధకం. సంకేతసంఖ్యతో 2 నొక్కితే మొదటిది, 3 నొక్కితే రెండవది, 1 నొక్కితే కాపలా తీసివేత.

9.3 గుర్తులు, అంకెలు: హ్యాష్ గుర్తును అమెరికన్ కరదీపికలు ‘పౌండ్’ అంటాయి. తెలుగు పాఠకుడికి పౌండ్ అంటే తూకమో నాణెమో గుర్తుకు వస్తుంది. బ్యాంకు ఫోను సేవల ద్వారా ‘హ్యాష్’, ‘స్టార్’ అలవాటైన మాటలు గనుక వాటినే నిలుపుకోవడం ఉచితం. అంకెలను చదివి వినిపించేటప్పుడు ‘ముప్పై నాలుగు’ అనక ‘మూడు, నాలుగు’ అని విడివిడిగా చెప్పాలి. గది సంఖ్యకూ విలువకూ తేడా చెవికి తెలియాలంటే ఇది తప్పనిసరి.

9.4 వాక్యక్రమం: ‘2 నొక్కండి, సంకేతసంఖ్య నమోదు చేసిన తర్వాత’ వంటి వాక్యాలు ఆంగ్లానుసరణలు. చదివే వ్యక్తి వాక్యం పూర్తికాకముందే 2 నొక్కుతాడు. ‘సంకేతసంఖ్య నమోదు చేసి, 2 నొక్కాలి’ అన్నప్పుడు చెప్పే క్రమమూ చేసే క్రమమూ ఒక్కటవుతాయి. తెలుగు క్త్వార్థకానికి సహజంగా ఉన్న ఈ శక్తిని కరదీపికా రచనలో వినియోగించుకోవాలి.

9.5 స్థానిక నామాలు: విస్తా ప్యానెల్‌లో జోన్లకు పేర్లు పెట్టడానికి ముందే కూర్చిన పదజాబితా ఉంటుంది. అది అమెరికన్ ఇంటిని దృష్టిలో పెట్టుకొన్నది. పూజగది, పెరటి తలుపు, మేడ మెట్లు వంటివాటిని వాడుకరి సొంతపదాలుగా రోమన్ లిపిలో చేర్చుకోవలసిందే. ‘జోన్ 11’ అని కనిపించడం వేరు, ‘పెరడు’ అని కనిపించడం వేరు. అర్ధరాత్రి సైరన్ మోగినప్పుడు ఎటు చూడాలో, ఎటు వెళ్లకూడదో రెండవది మాత్రమే చెబుతుంది.

పరిభాషా నిర్మాణంలో తెలుగుకు మంచి పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ఆ పనిచేసేవారి నోటినుంచే సేకరించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్రవిషయాల పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. మొదటిది జనవ్యవహారం నుంచి, రెండవది శాస్త్రావసరం నుంచి బయలుదేరాయి. గృహభద్రతా పరికరాల పరిభాషకు ఈ రెండు మార్గాలూ కలవాలి. ఎలక్ట్రీషియన్లు, సంస్థాపకులు ఇప్పటికే వాడుతున్న మాటలను సేకరించడం మొదటి పని. వాటిలో అపార్థానికి దారితీసేవాటిని సవరించడం రెండవ పని.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తీగరహిత చోరహెచ్చరిక వ్యవస్థలో రక్షణ స్థాయిని నిర్ణయించేవి సంకేతసంఖ్యల విభజన, జోన్ రకం, వ్యవధి అన్న మూడు అమరికలు.
2. కర్మాగారపు సంకేతసంఖ్యలను, ముఖ్యంగా సంస్థాపకుని సంఖ్యను మార్చడం ప్రథమ కర్తవ్యం. మార్చిన సంఖ్య గృహస్థుకు అందాలి.
3. సెన్సార్ నమోదులో క్రమసంఖ్యతో పాటు లూపు సంఖ్యను ధ్రువీకరించకపోతే రక్షణ ఉన్నట్లు భ్రమ మాత్రమే మిగులుతుంది.
4. జోన్ రకాలను చేదర్థక, క్త్వార్థక, అప్యర్థక వాక్యాలుగా చెబితే సాంకేతిక జ్ఞానం లేనివారికీ బోధపడతాయి.
5. ‘ఫాల్ట్’, ‘ఆఫ్’, ‘బైపాస్’ వంటి పదాలకు మాటకు మాటగా కాక, చేయవలసిన పనిని సూచించే తెలుగు రూపాలు అవసరం.

కరదీపికలను తెలుగులోకి తేవడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు, సాంకేతిక విద్యాసంస్థలు కలిసి చేపట్టదగిన పని. విద్యార్థులకు అనువాద పాఠ్యాంశంలో భాగంగా ఒక కీప్యాడ్ కరదీపికను ఇచ్చి, వారు రాసిన తెలుగు సూచనలను ఒక వృద్ధ గృహస్థు చేత అమలు చేయించి చూడవచ్చు. సూచన సరైనదైతే కాపలా నిలుస్తుంది. తప్పైతే సైరన్ మోగుతుంది. అనువాదానికి ఇంత నిష్పక్షపాతమైన పరీక్షకుడు మరొకడు దొరకడు.